పరగడుపున మొదటి బస్సుకు వచ్చిన మనిషిని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టకుండా ఓపీ నడపడం ఎలా?

కందుకూరు_ఫిజీషియన్

కందుకూరులో పన్నెండేళ్లుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. పది పడకల చిన్న ఆసుపత్రి, లోపలే ల్యాబ్, ఆనుకొని మందుల షాపు, ఇద్దరు సిస్టర్లు, ఒక కాంపౌండరు, చీటీలు రాసే అమ్మాయి ఒకరు ఉన్నారు. రోజుకు అరవై మంది దాకా వస్తారు, సోమవారం ఎనభై దాటుతారు. వీరిలో సగానికి పైగా లింగసముద్రం, గుడ్లూరు, పొన్నలూరు, పీసీపల్లి వైపు పల్లెల నుంచి బస్సుల్లోనూ ఆటోల్లోనూ వచ్చేవాళ్లే.

గత సోమవారం జరిగిన విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. లింగసముద్రం వైపు నుంచి డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు మొదటి బస్సుకు దిగారు. షుగరు పరీక్షకు పరగడుపున రావాలని కిందటిసారి చీటీ మీద రాసింది నేనే. ఆయన అలవాటు ప్రకారం ఇంట్లోనే గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర వేసుకొని బయలుదేరారు. ఆయన టోకెను ముప్పై నాలుగు. డాక్టరు చూసి రాశాకే రక్తం తీయాలన్నది మా ఆసుపత్రిలో మొదటినుంచీ ఉన్న పద్ధతి కాబట్టి ఆయన ఏమీ తినకుండా బల్ల మీద కూర్చుండిపోయారు. పదకొండున్నరకు పక్కనున్నావిడ భుజం మీదికి ఒరిగారు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. గ్లూకోమీటరుతో చూస్తే షుగరు 41కి పడిపోయింది. నరానికి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) ఎక్కించాక కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "నా నంబరు దాటిపోయిందా నాయనా?" అని. ఆ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి మరుసటి రోజు వరకు పడక మీదే ఉంచుకొని పంపాను.

కొందరు టోకెను యంత్రం కొనమంటున్నారు, కొందరు ఫోన్ బుకింగ్ పెట్టమంటున్నారు, మా బావమరిది ఇంకో డాక్టరును పెట్టుకోమంటున్నాడు. ఒంగోలు, నెల్లూరు వైపు ఓపీ సాఫీగా నడుపుతున్నవాళ్లు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

ఒంగోలు_పిల్లల_డాక్టరు

ఏదైనా కొనే ముందు రెండు వారాల పాటు ప్రతి చీటీ వెనక నాలుగు సమయాలు రాయించండి. మనిషి గడప దాటిన సమయం, సిస్టరు బీపీ చూసిన సమయం, మీ గదిలోకి వచ్చిన సమయం, మందులు తీసుకొని బయటికి వెళ్లిన సమయం. నేను ఈ పని చేయకముందు ఆలస్యమంతా నా గదిలోనే జరుగుతోందని నమ్మాను. రాయించి చూస్తే పిల్లల బరువు తూచే చోట, మందుల షాపు దగ్గర ఎక్కువ సమయం పోతోందని తేలింది. ఇంకో తూకం యంత్రం కొన్నాను, అంతే.

పొగతోట_కౌంటరు

నెల్లూరు పొగతోటలో పద్దెనిమిదేళ్లుగా చీటీలు రాస్తున్నాను. నాలుగు ఆసుపత్రులు మారాను. డాక్టరు గారూ, కోపం తెచ్చుకోకుండా ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. మీ బోర్డు మీద ఓపీ ఎన్ని గంటలకు అని ఉంది, మీరు కుర్చీలో ఎన్ని గంటలకు కూర్చుంటున్నారు? నేను పనిచేసిన ఒక చోట బోర్డు మీద తొమ్మిదిన్నర, డాక్టరు రావడం పదిన్నర. ఆ గంట ఆలస్యం మొదటి పేషెంటుతో ఆగదు, చిట్టచివరి పేషెంటు వరకు ప్రతి ఒక్కరి నెత్తినా పడుతుంది. తిట్లు మాత్రం కౌంటరులో ఉన్న మేము తింటాము.

కందుకూరు_ఫిజీషియన్

పొగతోట_కౌంటరు గారు అడిగింది నిజం. బోర్డు మీద తొమ్మిదిన్నర ఉంది. ఎనిమిదిన్నరకు పడకల మీదున్నవాళ్లను చూడటం మొదలుపెడతాను, వాళ్ల బంధువులతో మాటలు, డిశ్చార్జి కాగితాలు అన్నీ అయ్యేసరికి పదింపావు అవుతోంది.

పొగతోట_కౌంటరు

అయితే లెక్క వేసి చూడండి. మనిషికి ఆరు నిమిషాలు అనుకుంటే అరవై మందికి ఆరు గంటలు. పదింపావుకు మొదలుపెడితే మీరు నీళ్లు తాగకుండా చూసినా సాయంత్రం నాలుగుంపావు. ఏ యంత్రం కొన్నా ఈ ఆరు గంటలు నాలుగు కావు. డిశ్చార్జి కాగితాలు ముందు రోజు రాత్రే రాసిపెట్టండి, పొద్దున రౌండులో అప్పుడే చూడక తప్పనివాళ్లను మాత్రమే చూడండి, బంధువులతో మాట్లాడటానికి సాయంత్రం ఒక సమయం చెప్పండి.

పెన్నా_గట్టు

నేను నెల్లూరులో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తాను. ఫోన్ బుకింగ్ పెట్టాక నా హాలులో జనం సగానికి తగ్గారు. అరగంటకు అయిదుగురి చొప్పున సమయం ఇస్తాము, నాలుగు సమయాలు ఫోనుకు, ఒకటి నేరుగా వచ్చేవాళ్లకు. ఆభా నంబరు (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉన్నవాళ్లు గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా మాకు వచ్చేస్తాయి, చీటీ రాసే పని తగ్గుతుంది. కందుకూరు గారు కూడా ఇదే పద్ధతి పెట్టుకోవడం మేలు.

ఉదయగిరి_కోట

నేను డాక్టరును కాను, పేషెంటు కొడుకును. పెన్నా_గట్టు గారి పద్ధతి ఊళ్లో ఉన్నవాళ్లకు బాగుంటుంది. మా అమ్మకు గుండె జబ్బు. రెండు నెలలకొకసారి నెల్లూరు తీసుకెళ్తాను. తెల్లవారుజామున బస్సెక్కి ఎనిమిదింటికి ఆసుపత్రి గడపలో కూర్చుంటే, ఫోనులో నంబరు తీసుకున్నవాళ్లు పదింటికి తీరిగ్గా వచ్చి మా కళ్ల ముందే లోపలికి వెళ్లారు. అమ్మ ఏమన్నదో తెలుసా? "వాళ్లకు ఫోనుండాది, మనకు కాళ్లుండాయి" అన్నది. మధ్యాహ్నం మూడు దాటాక చూశారు. ఉదయగిరి బస్సు అందక ఆత్మకూరులో దిగి ఆటో మాట్లాడుకొని ఇంటికి చేరాము. ఊళ్లోవాళ్ల ఎదురుచూపు తగ్గించి ఆ బరువును పల్లెవాళ్ల మీదికి నెడితే ఓపీ సాఫీగా నడుస్తున్నట్టు కాదు.

పెన్నా_గట్టు

మీరు చెప్పింది నేను ఇంతవరకు ఈ కోణంలో ఆలోచించలేదు. అయితే మీ అమ్మగారి తరఫున మీరైనా ముందు రోజు ఫోన్ చేయవచ్చు కదా?

ఉదయగిరి_కోట

చేశాను. రెండు రోజులు ఎంగేజ్ వచ్చింది, మూడో రోజు ఎవరూ ఎత్తలేదు.

కావలి_సిస్టరు

ఆ ఫోన్ ఎత్తకపోవడానికి కారణం మేము చెప్పగలము. చీటీ రాసే మనిషి, డబ్బు తీసుకునే మనిషి, ఫోన్ ఎత్తే మనిషి ఒకరే అయితే ఎదుట నిలబడ్డ మనిషికి జవాబు చెప్పాలా, మోగే ఫోనుకు చెప్పాలా? మా దగ్గర బుకింగ్ ఫోన్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మాత్రమే, ఆ రెండు గంటలూ ఒకే మనిషి కూర్చొని ఎత్తుతారు.

ఉదయగిరి_కోట గారి బాధకు మా ఆసుపత్రిలో చేసిన ఏర్పాటు చెబుతాను. టోకెన్లు రెండు రంగులు. ఫోనులో తీసుకున్నవాళ్లకు తెల్లది, నేరుగా వచ్చినవాళ్లకు పచ్చది. ఒక తెల్లది, ఒక పచ్చది చొప్పున లోపలికి పంపుతాము. దూరం నుంచి వచ్చినవాళ్ల పచ్చ టోకెను మీద తిరుగు బస్సు సమయం పెన్నుతో రాస్తాము. దుత్తలూరు, వింజమూరు వైపు వెళ్లేవాళ్లను ఆ సమయం చూసి ముందుకు జరుపుతాము. కారణం గట్టిగా చెప్పి జరిపితే మిగిలినవాళ్లు ఒప్పుకుంటున్నారు. చెప్పకుండా జరిపితేనే గొడవ అవుతుంది.

పలకల_ఊరు

మార్కాపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. అసలు విషయం పక్కకు పోతోంది. ఆ పెద్దాయన పడిపోవడానికి కారణం టోకెను కాదు, "డాక్టరు రాశాకే రక్తం" అన్న నియమం. పాత షుగరు పేషెంటుకు వచ్చేసారి ఏ పరీక్షలు కావాలో ఈసారి చీటీ కిందే డాక్టరు రాసి సంతకం పెడితే, వాళ్లు ఆరున్నరకు వచ్చినా ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, టిఫిను తిని, రిపోర్టు చేతిలో పెట్టుకొని డాక్టరు ముందు కూర్చుంటారు. ఇప్పుడు జరుగుతున్నది ఒకే మనిషి డాక్టరును రెండుసార్లు చూడటం, ఒకసారి పరీక్ష రాయించుకోవడానికి, మరోసారి రిపోర్టు చూపించడానికి. అరవై మందిలో ఇలాంటివాళ్లు ఇరవై మంది ఉంటే మీరు నిజానికి ఎనభై మందిని చూస్తున్నారు.

ఇంకో మాట. అందరినీ పరగడుపున రమ్మనవలసిన పని లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు తిని వచ్చినా ఇబ్బంది లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కు, థైరాయిడ్‌కు కూడా అంతే. బాగా రక్తం తక్కువ ఉన్నవాళ్లకు, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకు మాత్రం హెచ్‌బీఏ1సీ అంకెను నమ్మలేము, అది డాక్టరు చూసుకోవాలి. తిన్నాక చేసే షుగరు పరీక్షకు రెండు గంటలను మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్కపెట్టాలి. చాలామంది చేయి కడుక్కున్నప్పటి నుంచి లెక్కపెట్టుకొని వస్తారు.

పరగడుపున తప్పనిసరిగా రావలసినవాళ్లకు మేము ఇచ్చే కాగితం మీద మూడు వాక్యాలే తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాము. షుగరు మాత్ర, ఇన్సులిన్ ఇంట్లో వేసుకోవద్దు, సంచిలో తెచ్చుకొని రక్తం ఇచ్చాక టిఫినుతో వేసుకోండి. బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో ఇంట్లోనే వేసుకోండి. మంచినీళ్లు తాగవచ్చు.

పాత_పీహెచ్‌సీ

పలకల_ఊరు గారు చెప్పిన రెండో వాక్యం బంగారం లాంటిది. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ వైద్యుడిగా చేసి రిటైరయ్యాను. పరగడుపు అన్నాము కదా అని బీపీ మాత్ర కూడా మానేసి వచ్చి, బస్సు దిగి మెట్లెక్కి, వచ్చీ రాగానే చేతికి పట్టీ కట్టించుకొని 180 చూపించినవాళ్లు ఎంతమందో. అది చూసి డాక్టరు ఇంకో మాత్ర పెంచితే ఇంటికి వెళ్లాక కళ్లు తిరిగి పడతారు. వీపు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. ఎక్కువ వస్తే కాసేపాగి రెండోసారి చూడాలి. ఈ అయిదు నిమిషాలు సిస్టరు దగ్గర బయటే గడవాలి కానీ డాక్టరు గదిలో గడవకూడదు.

కందుకూరు_ఫిజీషియన్

చీటీ కిందే వచ్చేసారి పరీక్షలు రాయడం రేపటి నుంచే మొదలుపెడతాను. ఇంత చిన్న విషయం పన్నెండేళ్లుగా తట్టనందుకు బాధగా ఉంది. ల్యాబ్ అబ్బాయి ఆరున్నరకు రావాలంటే సాయంత్రం త్వరగా పంపాలి, దానికి ఒప్పుకున్నాడు.

మాత్రల_కొట్టు

పొదిలిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు. ఒంగోలు_పిల్లల_డాక్టరు గారు షాపు దగ్గర సమయం పోతోందన్నారు, దానికి కారణం కూడా రాసి ఉంటే బాగుండేది. చీటీలో అక్షరం అర్థం కాక మేము కాంపౌండరును పంపి అడిగించడం, ఆయన తలుపు దగ్గర నిలబడటం, లోపల ఉన్న పేషెంటు లేచేదాకా ఆగడం, ఇదంతా కలిపి ఒక్కో చీటీకి పది నిమిషాలు. మందు పేరును జనరిక్ పేరుతో, స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి నియమాల్లో చేర్చారు. డాక్టరు మామూలుగా వాడే అరవై డెబ్బై మందుల జాబితా మాకు ఇచ్చి, ఏదైనా దొరకకపోతే బదులు ఏది ఇవ్వవచ్చో ముందే చెప్పి ఉంచితే రోజుకు పదిసార్లు తలుపు తట్టే పని తప్పుతుంది.

తొందరలో జరిగే తప్పు ఎలా ఉంటుందో చెబుతాను. కీళ్లవాతానికి మెతోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. వేరే ఊళ్లో రాసిన చీటీ తీసుకొని ఒకావిడ మా షాపుకు వచ్చింది. నోరంతా పూత, గుక్క మింగలేకపోతోంది. అడిగితే రోజూ ఒకటి వేసుకుంటున్నానన్నది, అప్పటికి తొమ్మిది రోజులు. చీటీ మీద వారానికి అని ఆంగ్లంలో ఒక మూల రాసి ఉంది, ఇచ్చిన కొట్టులో ఎవరూ నోటితో చెప్పలేదు. అప్పటికప్పుడు ఒంగోలు పెద్దాసుపత్రికి పంపాము, బతికింది. ఆ రోజు నుంచి ఆ మందు వస్తే నేను అట్ట మీద తెలుగులో "బుధవారం మాత్రమే" అని రాసి, తీసుకునేవాళ్ల చేత చదివించి కానీ ఇవ్వను. చదవడం రానివాళ్లకు ఏ రోజో నోటితో చెప్పించుకుంటాను.

ఒంగోలు_పిల్లల_డాక్టరు

మీరన్నది నిజం, మా షాపు దగ్గర ఆలస్యానికి నా చేతిరాతే కారణం. ఇప్పుడు కంప్యూటరు నుంచి చీటీ తీస్తున్నాను. మోతాదు మాత్రం తెలుగులో "పొద్దున, రాత్రి" అని వస్తుంది.

పాత_పీహెచ్‌సీ

కంప్యూటరు మంచిదే కానీ దాని తెర వైపు తిరిగి మాట్లాడే డాక్టరును పేషెంటు నమ్మడు. నా పద్ధతి వంద పేజీల నోటు పుస్తకం. ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని ప్రతిసారీ తీసుకొస్తారు, అయిదేళ్ల చరిత్ర ఒకే చోట ఉంటుంది, ఏ ఊరి డాక్టరైనా చదువుకోవచ్చు.

పెన్నా_గట్టు

ఆ పుస్తకం వానకు తడిసినా, బస్సులో మరిచిపోయినా అయిదేళ్ల చరిత్ర పోయినట్టే. నవంబరులో మా నెల్లూరు వానలు మీకు తెలియనివి కావు.

కావలి_సిస్టరు

మేము రెండూ చేస్తున్నాము. పుస్తకం పేషెంటు దగ్గర, అదే పేజీ ఫోటో మా కంప్యూటరులో. నిమిషం కూడా పట్టదు. డాక్టరు కాదు, నేను తీస్తాను.

ఫైళ్ల_మనిషి

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో కాగితాల పని నాదే. పడకల మీద చేరినవాళ్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇది 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషను చట్టం కూడా ఆ ఏడాదిదే, జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో రెన్యువల్ చేయించుకోవాలి. గడువు తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి కౌంటరు వెనక గోడకు అంటించండి. తనిఖీకి వచ్చిన రోజు ఓపీ ఆపి ఫైళ్లు వెతకడం చూశాను, నూట పది మంది బయట నిలబడ్డారు.

చెత్త సంగతి కూడా అంతే. 2016 నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, సెలైన్ గొట్టాలు, గ్లవుజులు ఎర్ర సంచిలో, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వెళ్లాలి. రక్తం అంటిన దూది, కట్లను 48 గంటలు దాటి ఆసుపత్రిలో ఉంచకూడదు. ఇంజెక్షను ఇచ్చే బల్లకు చేతి దూరంలో ఈ డబ్బాలు లేకపోతే సిస్టరు రోజుకు యాభైసార్లు గది దాటి నడవాలి. సమయం పోయేది అక్కడే, సూదులు గుచ్చుకునేదీ ఆ నడకలోనే.

కావలి_సిస్టరు

ఫైళ్ల_మనిషి గారి చివరి వాక్యం ప్రతి ఆసుపత్రి యజమానీ చదవాలి. మా దగ్గర పనిచేసే చెల్లెలు లాంటి అమ్మాయికి ఒకసారి సూది గుచ్చుకుంటే పరీక్షలు చేయించి, ఏ జబ్బూ అంటలేదని తేలేదాకా మూడు నెలలు నేను కూడా భయంతో గడిపాను.

ఉలవపాడు_మామిడి

పేషెంటు మాట కూడా ఒకటి వినండి. నాకు షుగరు, గంటకొకసారి మూత్రానికి వెళ్లాలి. చాలా ఆసుపత్రుల్లో టాయిలెట్‌కు తాళం వేసి తాళం చెవి కాంపౌండరు దగ్గర ఉంచుతారు. ఆడవాళ్లు అడగలేక నీళ్లు తాగడం మానేసి కూర్చుంటారు. మే నెలలో ఒంగోలు, నెల్లూరు ఎండలకు నీళ్లు తాగకుండా నాలుగు గంటలు కూర్చుంటే ఏమవుతుందో డాక్టర్లకు చెప్పనక్కర్లేదు. మే నెలలో షుగరు పెరిగితే మా ఊరి మామిడిపండ్లను తిడతారు, తిట్టండి, అది న్యాయమే. ఆ తాళం మాత్రం తీసేయండి.

కందుకూరు_ఫిజీషియన్

మా దగ్గర కూడా తాళం ఉంది. ఈ రోజు తీయించాను.

పాత_పీహెచ్‌సీ

ముఖ్యమైన విషయం ఇంకా ఎవరూ రాయలేదు. టోకెను వరస ఎంత బాగున్నా, వరస తప్పించి లోపలికి పంపవలసినవాళ్లను గుర్తుపట్టే మనిషి గడపలో ఉండాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, ఒకవైపు చేయీ కాలూ లాగడం, మూతి వంకర, పాము కాటు, పురుగుల మందు, పిల్లలకు ఫిట్స్, వీటిని చీటీ రాసే అమ్మాయి కూడా గుర్తుపట్టాలి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. పక్షవాతం మొదలై నాలుగున్నర గంటలు దాటితే గడ్డ కరిగించే ఇంజెక్షనుకు సమయం మించిపోతుంది కాబట్టి, ఆ మనిషిని మీ హాలులో కూర్చోబెట్టిన ప్రతి నిమిషం ఒంగోలుకో నెల్లూరుకో వెళ్లే దారిలోంచి తీసేసిన నిమిషమే. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న పసిబిడ్డ నిమిషానికి యాభైసార్లు, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు నలభైసార్లు అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలని మా ఆశా కార్యకర్తలకు కూడా నేర్పాము. మీ చీటీ అమ్మాయి నేర్చుకోలేకపోవడం ఉండదు.

పరగడుపున వచ్చినవాళ్లు కూర్చునే బల్ల పక్కన పంచదార డబ్బా, గ్లాసు, గ్లూకోమీటరు పెట్టండి. చెమటలు, వణుకు, తిక్కగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే వేలు గుచ్చి చూడాలి. 70 లోపు ఉండి, స్పృహలో ఉంటే మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

పెన్నా_గట్టు

అంతా ఒప్పుకుంటాను. ఒక సందేహం. బాగున్న షుగరు, బీపీ పేషెంట్లను నెలనెలా ఎందుకు పిలుస్తున్నట్టు? అంకెలు నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలలకు మందులు రాస్తే కందుకూరు గారి అరవై మంది నలభై అవుతారు.

మాత్రల_కొట్టు

రాయడం వరకు బాగానే ఉంటుంది. మూడు నెలల మందులు ఒకేసారి కొనే డబ్బు కూలీల దగ్గర ఉండదు. పది రోజులకు కొనుక్కొని, అవి అయ్యాక మానేసి, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ముందు వేసుకునేవాళ్లు మా కొట్టుకు వస్తారు.

పాత_పీహెచ్‌సీ

చీటీ మూడు నెలలది, కొనడం నెలనెలా. మధ్యలో వచ్చినప్పుడు సిస్టరు బీపీ చూసి, కాళ్లు చూసి, అంకెలు హద్దులో ఉంటే పుస్తకంలో రాసి పంపుతుంది. హద్దు దాటితేనే డాక్టరు దగ్గరికి. ఆ హద్దులు డాక్టరు ముందే రాసి ఇవ్వాలి. డాక్టరు ఫీజు తగ్గుతుంది, నిజమే. ఆ సమయంలో కొత్త పేషెంటును నిదానంగా చూడవచ్చు.

కందుకూరు_ఫిజీషియన్

కొత్త పేషెంటు నిదానం అంటే గుర్తొచ్చింది. కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లలో ఫ్లోరైడు వల్ల వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఎక్కువ. పరీక్ష బల్ల ఎక్కడానికే వాళ్లకు మూడు నిమిషాలు పడుతుంది. ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగి ఉంటారు, కిడ్నీ సంగతి చూడకుండా చీటీ రాయలేను. వాళ్లను ఆరు నిమిషాల్లో పంపడం నాకు ఇష్టం లేదు.

కావలి_సిస్టరు

పంపవద్దు. బల్ల ఎత్తు తగ్గించండి, పక్కన రెండు మెట్ల చెక్కపీట, పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ పెట్టించండి. మీ గదిలో రెండు బల్లలు, మధ్యలో పరదా ఉంటే ఒకరు ఎక్కుతుండగా మీరు ఇంకొకరితో మాట్లాడవచ్చు. పాత మాత్రల అట్టలన్నీ సంచిలో తెమ్మని ఫోనులోనే చెప్పండి, మా దగ్గర నేను బయటే చూసి పేర్లు రాసి లోపలికి పంపుతాను. ఇదంతా సిస్టరు చేయగల పని, మమ్మల్ని చేయనివ్వాలి.

ఒంగోలు_పిల్లల_డాక్టరు

మందుల కంపెనీ ప్రతినిధుల సంగతి కూడా తేల్చండి. నేను మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర వరకు మాత్రమే కలుస్తాను. మొదట్లో నొచ్చుకున్నారు. ఇప్పుడు గంటల తరబడి నిలబడే పని తప్పిందని వాళ్లే సంతోషిస్తున్నారు.

కందుకూరు_ఫిజీషియన్

నాలుగు వారాల తరువాత రాస్తున్నాను. చీటీ వెనక నాలుగు సమయాలూ రాయించాము. మార్పులకు ముందు, మొదటి వారంలో, గడప దాటినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా మామూలు రోజున సగటున మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. అందులో నా ఎదుట గడిచినవి ఏడు నిమిషాలు. ఆ అంకె చూసి ఆ రాత్రి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఇప్పుడు తొమ్మిదిన్నరకు కుర్చీలో ఉంటున్నాను. ల్యాబ్ ఆరున్నరకు తెరుస్తున్నాము, పరీక్షలు ముందే రాసి ఉన్నవాళ్లు రిపోర్టుతోనే వస్తున్నారు. రంగు టోకెన్లు పెట్టాము, తిరుగు బస్సు సమయం రాస్తున్నాము. కిందటి వారం సగటు గంటా యాభై నిమిషాలకు వచ్చింది. నా గదిలో గడిచేది తొమ్మిది నిమిషాలకు పెరిగింది.

ఆ పెద్దాయన మొన్న మళ్లీ వచ్చారు. మాత్రను కాగితంలో పొట్లం కట్టి పైజేబులో పెట్టుకొని, జేబు మీద చేయి వేసుకొని ల్యాబ్ ముందు నిలబడ్డారు. ఏడింటికి రక్తం ఇచ్చి, ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిని, మాత్ర వేసుకొని, పదికి ముందే చీటీతో బయటపడ్డారు.

తేలనిది ఒకటే. సోమవారం, పొగాకు వేలం జరిగే రోజుల్లో మధ్యాహ్నం రద్దీ ఇంకా అలాగే ఉంది. రైతులు పొగాకు చెక్కులు (బేళ్లు) అమ్ముకున్నాక ఒంటి గంట తరువాత ఒక్కసారిగా వస్తున్నారు.

పొగతోట_కౌంటరు

వేలం కేంద్రంలో ఏ ఊరి చెక్కులు ఏ రోజు అన్నది రైతులకు ముందే తెలుస్తుంది. ఆ పట్టిక ఒకటి తెప్పించి కౌంటరులో పెట్టండి. ఆ ఊళ్ల పాత పేషెంట్లకు రివ్యూ తేదీ రాసేటప్పుడు ఆ రోజుకే, మధ్యాహ్నం సమయం వేయండి, ఎలాగూ ఊళ్లోకి వస్తారు. ఆ రోజున ఫోన్ బుకింగ్ ఉదయం వరకే ఉంచండి. సోమవారానికి మాత్రం రివ్యూలు అసలు రాయవద్దు, అది ఆదివారం జ్వరం తెచ్చుకున్నవాళ్లకు వదిలేయండి.

కందుకూరు_ఫిజీషియన్

పట్టిక కోసం మా కాంపౌండరును రేపు వేలం కేంద్రానికి పంపుతున్నాను.